ఇల్లు లేని రోజుల్లో పిల్లల బడి: అమెరికా పబ్లిక్ స్కూళ్ళలో మీ పిల్లలకున్న హక్కులు, తరచుగా అడిగే ప్రశ్నలు

మూడేళ్ళ కిందట అట్లాంటా శివార్లలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక తెలుగు కుటుంబం ఐదు నెలలు ఉంది. భర్త ఉద్యోగం పోయింది. దాచుకున్న డబ్బు కరిగిపోయింది. లీజు రెన్యూ చేయాలంటే కొత్త జీతం స్లిప్పులు కావాలన్నారు. సామానంతా స్టోరేజీలో పెట్టి నాలుగు సూట్‌కేసులతో మా ఇంటికి వచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దమ్మాయి ఏడో క్లాసు, చిన్నమ్మాయి రెండో క్లాసు. మా దగ్గరి స్కూల్‌కి వెళితే ఆఫీసులో లీజు కాగితం, కరెంటు బిల్లు అడిగారు. రెండూ నా పేరు మీదే ఉన్నాయి. ఏం చేయాలో తెలియక పిల్లలు తొమ్మిది రోజులు ఇంట్లోనే కూర్చున్నారు. పదో రోజు తెలిసిన ఒక టీచరు చెబితే అర్థమైంది, ఆ తొమ్మిది రోజులూ వాళ్ళు అలా కూర్చోవాల్సిన పనే లేదని. చట్టం మొదటి రోజు నుంచీ వాళ్ళ వైపే ఉంది.

అప్పటి నుంచి తెలిసినవాళ్ళు, వాళ్ళ ద్వారా విన్నవాళ్ళు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఎక్కువమంది అడిగినవీ, మొహమాటపడి ఫోన్ పెట్టేసే ముందు మెల్లగా అడిగినవీ ఇక్కడ రాస్తున్నాను. నేను లాయరును కాను, ఒక తల్లిని. మీ విషయంలో వీసా చిక్కో, కోర్టు వ్యవహారమో ఉంటే లాయరును తప్పకుండా కలవండి.

అసలు ఈ చట్టం ఏమిటి?

మెకిన్నీ-వెంటో చట్టం అంటారు. 1987 జులైలో అప్పటి అధ్యక్షుడు రోనాల్డ్ రీగన్ సంతకం చేశారు. కనెటికట్‌కు చెందిన రిపబ్లికన్ సభ్యుడు స్టూవర్ట్ మెకిన్నీ, మిన్నెసోటాకు చెందిన డెమొక్రాట్ సభ్యుడు బ్రూస్ వెంటో, ఈ ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్నారు. 2015లో వచ్చిన ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్ చట్టం దీన్ని ఇంకా బలపరిచింది. ఇది ఫెడరల్ చట్టం. టెక్సస్ అయినా న్యూజెర్సీ అయినా కాలిఫోర్నియా అయినా ప్రతి పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్ళను నడిపే సంస్థ) పాటించాల్సిందే. చార్టర్ స్కూళ్ళు కూడా పబ్లిక్ స్కూళ్ళే కాబట్టి వాటికీ వర్తిస్తుంది.

మేం రోడ్డున పడలేదు. ఫ్రెండ్స్ ఇంట్లో ఉన్నాం. మమ్మల్ని కూడా "హోమ్‌లెస్" అంటారా?

అందరూ అడిగేది ఇదే. మనవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది కూడా ఇక్కడే.

స్కూళ్ళకు సంబంధించినంతవరకూ ఈ మాటకు అర్థం మనం అనుకునే దానికంటే చాలా విశాలం. రాత్రి పడుకోవడానికి స్థిరంగా, ప్రతి రోజూ, సరిపడా వసతితో మీదంటూ ఒక చోటు లేకపోతే చాలు. ఇల్లు పోయో, డబ్బు ఇబ్బంది వల్లో, అలాంటి మరో కారణంతోనో వేరేవాళ్ళ ఇంట్లో తలదాచుకుంటున్నవాళ్ళు ఇందులోకి వస్తారు. వేరే దారి లేక మోటెల్‌లోనో, వారాల లెక్కన అద్దె కట్టే ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్‌లోనో ఉంటున్నా వస్తారు. షెల్టర్‌లో ఉన్నా, కారులో పడుకుంటున్నా, నీళ్ళూ కరెంటూ లేని చోట కాపురం ఉంటున్నా వస్తారు.

అమెరికా స్కూళ్ళు ఏటా పది లక్షలకు పైగా పిల్లలను ఇలా గుర్తిస్తున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది షెల్టర్లలోనో ఫుట్‌పాత్‌ల మీదో లేరు. ఎవరో బంధువుల ఇంట్లో, ఎవరో స్నేహితుల హాల్లో పరుపు వేసుకుని ఉన్నారు. అంటే మీలాగే.

ఇక్కడ చూసేది ఎందుకు ఉంటున్నారన్నది. సొంత ఇల్లు కొనడానికి డబ్బు కూడబెట్టుకుందామని అన్నగారింట్లో కొన్నాళ్ళు ఉంటే అది మీరు కోరుకుని చేసిన ఏర్పాటు, దానికి ఈ చట్టం వర్తించదు. ఉద్యోగం పోయి అద్దె కట్టలేక అదే అన్నగారింటికి వెళితే వర్తిస్తుంది. ఇల్లు ఎంత పెద్దది, వీధి ఎంత బాగుంది అన్నది కాదు లెక్క. మా బేస్‌మెంట్‌లో బాత్రూమ్, చిన్న వంటగది అన్నీ ఉన్నాయి. అయినా నేను "ఇక చాలు" అంటే వాళ్ళకు ఆ రాత్రి చోటు లేదు. ఆ ఇంటి మీద వాళ్ళకు ఏ హక్కూ లేదు. చట్టం చూసింది అదే.

ఒక్క జాగ్రత్త. ప్రభుత్వ గృహవసతి పథకాలు "హోమ్‌లెస్" మాటకు ఇంతకంటే ఇరుకైన అర్థం వాడతాయి. ఇంకొకరి ఇంట్లో ఉన్నవాళ్ళను అక్కడ సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. అక్కడ కాదన్నారని స్కూల్లో కూడా కాదంటారని అనుకోకండి.

ఆ మాట వింటేనే ప్రాణం చివుక్కుమంటోంది. పిల్లల రికార్డులో పడుతుందా? అందరికీ తెలిసిపోతుందా?

మా ఇంట్లో ఉన్నావిడ కూడా ఫారం ముందు పెట్టుకుని ఆ మాట దగ్గర చాలాసేపు ఏడ్చింది. ఊళ్ళో అమ్మానాన్నలకు ఉద్యోగం పోయిన సంగతే చెప్పలేదు. ఆ బాధ చిన్నదని నేను ఎప్పటికీ అనను.

కానీ ఈ విషయం ఎక్కడిదాకా వెళుతుందో తెలుసుకోండి. పిల్లలు ఎలాంటి చోట ఉంటున్నారన్న సమాచారం వాళ్ళ విద్యా రికార్డులో భాగం, 1974 నాటి ఫెర్పా చట్టం కింద దానికి రక్షణ ఉంది. పేరు, క్లాసు లాంటి వివరాల్లా దీన్ని డైరెక్టరీ సమాచారంగా బయటికి ఇవ్వకూడదు. క్లాసులో ప్రకటించరు. మిగతా తల్లిదండ్రులకు తెలియదు. ఈ పిల్లలను విడిగా కూర్చోబెట్టడం, వేరే బడిలో పెట్టడం కూడా కుదరదు, అందరితో కలిపే చదివించాలి. చాలాచోట్ల ఆఫీసువాళ్ళు అసలు ఆ పదమే వాడరు. "ఫ్యామిలీస్ ఇన్ ట్రాన్సిషన్" అనో "మెకిన్నీ-వెంటో స్టూడెంట్" అనో అంటారు. మీకూ అదే తేలికైతే అదే అనండి.

ఎవరిని అడగాలి? ఏమని అడగాలి?

ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఈ పని చూసే మనిషి ఒకరు ఉండి తీరాలి. "మెకిన్నీ-వెంటో లియేజాన్" అంటారు. డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఆ పేరుతో వెతికితే ఫోన్ నంబరు, ఈమెయిల్ దొరుకుతాయి. స్కూల్ కౌన్సెలర్‌ను అడిగినా చెబుతారు. ఈ హక్కుల నోటీసు స్కూళ్ళలో, లైబ్రరీలలో, షెల్టర్లలో కనిపించేలా పెట్టాలని కూడా చట్టంలో ఉంది.

ముందు డెస్క్‌లో కూర్చున్నవాళ్ళకు ఈ చట్టం బాగా తెలిసి ఉండకపోవచ్చు. తొమ్మిది రోజులు మేం పోగొట్టుకున్నది అక్కడే. వాళ్ళతో వాదన పెట్టుకోకండి. ఇంగ్లీషులో రెండు వాక్యాలు చాలు: "వుయ్ లాస్ట్ అవర్ హౌసింగ్ అండ్ ఆర్ స్టేయింగ్ విత్ ఫ్రెండ్స్. వుయ్ నీడ్ టు స్పీక్ టు ద మెకిన్నీ-వెంటో లియేజాన్." ఆ తర్వాత అదే మాట ఈమెయిల్‌లో కూడా పంపండి, తేదీతో సహా ఒక ఆధారం ఉంటుంది.

ఇంగ్లీషు ఇబ్బందైతే దుభాషిని అడగండి. తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో సమాచారం ఇవ్వడం స్కూల్ బాధ్యత, దానికి డబ్బు అడగకూడదు. దయచేసి పదేళ్ళ పిల్లనే పక్కన నిలబెట్టి "మాకు ఇల్లు లేదు" అని ఆ పిల్ల నోటితో చెప్పించకండి.

లీజు లేదు, బిల్లు లేదు, వ్యాక్సిన్ల కాగితాలు స్టోరేజీలో ఎక్కడో ఉన్నాయి. చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి, వెంటనే. చట్టంలో ఉన్న మాట అదే. అడ్రస్ రుజువు, పాత స్కూల్ మార్కులు, బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, ఇవేవీ లేవని పిల్లను వెనక్కి పంపడానికి వీల్లేదు. ఇల్లు లేని రోజుల్లో అడ్మిషన్ గడువు దాటిపోయినా, పాత స్కూల్‌కి లైబ్రరీ ఫైనో మరో ఫీజో బాకీ ఉన్నా ఆపకూడదు. పేరు రాసుకుని "కాగితాలు తెచ్చాక రండి" అనడం కూడా చేర్చుకోవడం కాదు. పిల్లలు క్లాసులో కూర్చోవాలి, మిగతా పిల్లలు చేసేవన్నీ చేయాలి, అప్పుడే అది ఎన్‌రోల్‌మెంట్. పాత స్కూల్ నుంచి రికార్డులు తెప్పించుకోవడం కొత్త స్కూల్ పని. టీకాలు వేయించాలన్నా, ఆ కాగితాలు సంపాదించాలన్నా లియేజాన్ సాయం చేయాలి.

మనవాళ్ళకు ఇది నమ్మబుద్ధి కాదు. టీసీ లేకుండా కొత్త బడి గుమ్మం ఎక్కనివ్వని ఊళ్ళలో పెరిగాం కదా. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపేయడం చూశాం. అందుకే కాగితం లేదనగానే మనమే వెనక్కి తిరిగేస్తాం. ఇక్కడ ఈ విషయంలో తిరగనక్కర్లేదు.

ఇంకో మాట, కాస్త గట్టిగానే చెబుతాను. మంచి పేరున్న డిస్ట్రిక్టులలో సీటు కోసం దొంగ లీజు రాయించడం, స్నేహితుడి బిల్లు మీద పేరు మార్చడం లాంటి సలహాలు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. చేయకండి. అడ్రస్ నిజమో కాదో చూడటానికి మనుషులను పంపే డిస్ట్రిక్టులు ఉన్నాయి. పైగా మీకు ఆ అవసరమే లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితేనే మీ పిల్లకు చట్టప్రకారం సీటు వస్తుంది. అడ్మిషన్ కాగితాల్లో "మీరు ప్రస్తుతం ఎక్కడ ఉంటున్నారు" అని అడిగే ఫారం ఒకటి చాలాచోట్ల ఉంటుంది. "ఇల్లు పోవడం వల్ల ఇంకొకరితో కలిసి ఉంటున్నాం" అన్న గడిలో టిక్కు పెట్టండి.

పిల్లలను పాత స్కూల్‌లోనే ఉంచుకోవచ్చా?

ఉంచుకోవచ్చు. నా దృష్టిలో ఈ చట్టంలో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఇల్లు ఉన్నప్పుడు చదివిన స్కూల్, లేదా చివరిగా పేరు నమోదైన స్కూల్, దీన్ని "స్కూల్ ఆఫ్ ఆరిజిన్" అంటారు. మీరు వేరే డిస్ట్రిక్ట్‌కి మారినా పిల్లలు అక్కడే కొనసాగవచ్చు. లేదంటే ఇప్పుడు ఉంటున్న చోటికి చెందిన స్కూల్‌లో చేరవచ్చు. పిల్లకు ఏది మేలో చూసి నిర్ణయించాలి. తల్లిదండ్రులు వద్దంటే తప్ప పాత స్కూలే మేలన్న ఆలోచనతో మొదలుపెట్టాలని చట్టం చెబుతోంది. పాత స్కూల్ ఎలిమెంటరీ అయి, పిల్ల అక్కడ చివరి క్లాసు పూర్తి చేస్తే, ఆ పిల్లలందరూ మామూలుగా వెళ్ళే మిడిల్ స్కూల్‌కి మీ పిల్ల కూడా వెళ్ళవచ్చు. ప్రీస్కూల్‌కి కూడా ఈ హక్కు ఉంది.

ఇద్దరు పిల్లలకూ ఒకే నిర్ణయం ఉండాలని లేదు. మా ఇంట్లో ఉన్న పెద్దమ్మాయికి పాత స్కూల్లో ఆర్కెస్ట్రా ఉంది, ప్రాణస్నేహితురాలు ఉంది, లెక్కల్లో పై క్లాసు ఉంది. రానుపోను గంటన్నర ప్రయాణమైనా అక్కడికే వెళతానంది. చిన్నమ్మాయి పొద్దున్నే అంతసేపు బస్సులో కూర్చోలేదు, మా వీధి చివర స్కూల్లో చేరింది. ఎవరికి వాళ్ళకు అదే సరిపోయింది. దూరం, పిల్ల వయసు, ఆరోగ్యం, విద్యా సంవత్సరంలో ఇంకా ఎన్ని నెలలున్నాయి, తోబుట్టువులు ఎక్కడ చదువుతున్నారు, ఇవన్నీ చూసుకోండి. పెద్ద పిల్లలను అడిగి చేయండి. ఇల్లు మారేటప్పుడు వాళ్ళను ఎవరూ అడగలేదు.

అంత దూరం ఎవరు తీసుకెళతారు? కారు కూడా అమ్మేశాం.

పాత స్కూల్‌కి రానుపోను ప్రయాణం డిస్ట్రిక్టే చూడాలి, మీరు అడిగితే చాలు. స్కూల్ బస్సు పంపవచ్చు, వ్యాన్ పెట్టవచ్చు, సిటీ బస్సు పాస్ ఇవ్వవచ్చు, కొన్నిచోట్ల మీ కారుకే పెట్రోలు ఖర్చు ఇస్తారు. రెండు డిస్ట్రిక్టులు కలిసిన వ్యవహారమైతే ఖర్చు ఎలా పంచుకోవాలో వాళ్ళే తేల్చుకోవాలి. తేలకపోతే చెరిసగం. ఏర్పాటు కావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు కాబట్టి అడగడం మాత్రం ఆలస్యం చేయకండి.

లంచ్ డబ్బులు, ఫీజులు?

బ్రేక్‌ఫాస్ట్, లంచ్ ఉచితం. ఆదాయం చూపించే ఫారం నింపక్కర్లేదు, లియేజాన్ మీ పిల్లల పేర్లు పంపితే చాలు. ఆ విద్యా సంవత్సరమంతా ఉంటుంది, మధ్యలో ఇల్లు దొరికినా ఆగదు. స్కూల్ భోజనానికి పౌరసత్వం అడగరు.

టైటిల్ వన్ అనే ఫెడరల్ నిధుల్లో ఈ పిల్లల కోసం డిస్ట్రిక్ట్ కొంత పక్కన పెట్టాలి. బ్యాగు, పుస్తకాలు, బట్టలు, ట్యూషన్, పరీక్ష ఫీజుల వంటివాటికి దాన్ని వాడవచ్చు. ఏది ఇస్తారన్నది డిస్ట్రిక్ట్‌ను బట్టి మారుతుంది, అడగనిదే తెలియదు. ఆటల జట్టు, ఫీల్డ్ ట్రిప్, సమ్మర్ స్కూల్, వీటికి ఇల్లు లేకపోవడం అడ్డు కాకూడదు. చిన్నమ్మాయి ఫీల్డ్ ట్రిప్ డబ్బుల గురించి వాళ్ళమ్మకు చెప్పనేలేదు. చీటీ బ్యాగులో మడిచి దాచింది. మీ పిల్లల బ్యాగులు ఒకసారి చూడండి.

హెచ్1బీ ఉద్యోగం పోయింది. వీసా పరిస్థితి చూసి స్కూల్ కాదంటుందా?

అనకూడదు. పన్నెండో క్లాసు దాకా పబ్లిక్ స్కూల్ చదువుకు ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడ్డు కారాదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మెకిన్నీ-వెంటో హక్కులకూ స్టేటస్‌తో పని లేదు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేదని చేర్చుకోకుండా ఉండలేరు. ఫారంలో ఆ గడి ఖాళీగా వదిలేయవచ్చు.

ఉద్యోగం పోయాక హెచ్1బీ వాళ్ళకు గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుందని మీకు తెలుసు. ఆ టెన్షన్‌లో "ఎలాగూ వెళ్ళిపోతామేమో, రెండు నెలలకు స్కూల్ ఎందుకు" అని పిల్లలను ఇంట్లో ఉంచేసినవాళ్ళను చూశాను. పంపండి. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ చదవనివ్వండి. తిరిగి వెళ్ళాల్సి వచ్చినా ఆ మార్కుల రికార్డు ఇండియాలో స్కూల్ అడ్మిషన్‌కి పనికొస్తుంది. స్కూల్ బయట దొరికే సాయాల విషయంలో మాత్రం నిబంధనలు వేరు. ఏది తీసుకుంటే మీ గ్రీన్ కార్డుకు ఇబ్బందో లాయరును అడిగాకే తీసుకోండి.

స్కూల్ ఒప్పుకోకపోతే?

ఎందుకు కాదంటున్నారో మీకు అర్థమయ్యే భాషలో కాగితం మీద రాసివ్వమని అడగండి. దాని మీద అప్పీలు చేసుకునే హక్కు ఉందని, ఎలా చేయాలో కూడా అందులో రాయాలి. అప్పీలు తేలేదాకా పిల్లలు మీరు కోరిన స్కూల్‌లోనే చదువుతారు. బస్సు కూడా నడవాలి. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే "విషయం తేలాక రండి" అనడం మామూలే. తేలేవరకు లోపలే ఉండాలి. అప్పీలుకు లియేజాన్ సాయం చేయాలి. లియేజాన్ వల్లే సమస్యైతే, రాష్ట్ర విద్యాశాఖలో ఈ కార్యక్రమానికి స్టేట్ కోఆర్డినేటర్ ఒకరు ఉంటారు, వాళ్ళకు రాయండి.

భర్త కొడుతున్నాడు. పిల్లలను తీసుకుని బయటికి వచ్చేశాను. స్కూల్‌కి చెబితే ఆయనకు తెలుస్తుందేమో?

ఈ ప్రశ్న ఎప్పుడూ చివర్లోనే, గొంతు తగ్గించి వస్తుంది. అమ్మా, మీ పిల్లలకూ ఈ హక్కులన్నీ ఉన్నాయి. షెల్టర్‌లో ఉన్నా, అక్కగారింట్లో ఉన్నా, గుళ్ళో పరిచయమైనవాళ్ళ ఇంట్లో ఉన్నా సరే. మీరు హెచ్4 మీద, అంటే భర్త హెచ్1బీని ఆధారం చేసుకున్న వీసా మీద, ఉన్నారన్నది ఇక్కడ అడ్డు కాదు.

ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. కోర్టు ఆర్డర్ లేనంతవరకు తండ్రికి కూడా పిల్లల స్కూల్ రికార్డులు చూసే హక్కు ఉంటుంది. అందుకే ప్రొటెక్టివ్ ఆర్డర్ కోసం లీగల్ ఎయిడ్‌వాళ్ళను కలవండి, వచ్చిన వెంటనే కాపీ స్కూల్‌కి ఇవ్వండి. పిల్లలను ఎవరు తీసుకెళ్ళవచ్చో రాసే పికప్ లిస్టు, ఎమర్జెన్సీ కాంటాక్టులు కొత్తగా రాయించండి. పేరెంట్ పోర్టల్ పాస్‌వర్డ్ మార్చండి. చాలా రాష్ట్రాలలో అసలు అడ్రస్‌కి బదులు వేరే అడ్రస్ వాడుకోనిచ్చే పథకం ఉంది. లియేజాన్‌తో మొదటి మాటగానే "అడ్రస్ బయటికి రాకూడదు" అని చెప్పండి.

నేషనల్ డొమెస్టిక్ వయొలెన్స్ హాట్‌లైన్ నంబరు 1-800-799-7233. రాత్రీ పగలూ పనిచేస్తుంది, దుభాషిని అడగవచ్చు. ప్రాణభయం ఉంటే 911.

పదిహేడేళ్ళ పిల్లవాడు ఇంట్లో గొడవపడి వచ్చేశాడు, మా ఇంట్లో ఉంటున్నాడు. సంరక్షకులు లేకుండా స్కూల్?

తల్లిదండ్రుల దగ్గర గానీ సంరక్షకుల దగ్గర గానీ లేని పిల్లలకు కూడా చట్టం వర్తిస్తుంది. గార్డియన్ కాగితం లేదని ఆపకూడదు. స్కూల్ ఎంచుకోవడంలో, అప్పీలులో లియేజాన్ ఆ పిల్లవాడి పక్షాన నిలబడాలి. వేరే స్కూల్‌లో సగంలో ఆపిన కోర్సులకు చదివినంతవరకూ క్రెడిట్ ఇచ్చే ఏర్పాటు ఉండాలి. పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉన్నవాడైతే కాలేజీ సాయానికి ఫాఫ్సా నింపేటప్పుడు స్వతంత్ర విద్యార్థిగా నింపవచ్చు, తల్లిదండ్రుల ఆదాయం చూపక్కర్లేదు. దానికి లియేజాన్ ఇచ్చే ఉత్తరం పనికొస్తుంది. సీనియర్ ఇయర్ మొదట్లోనే అడిగి ఉంచుకోండి.

ఎందుకు వచ్చేశాడని మీరు తీర్పు చెప్పకండి. రేపు పొద్దున బడికి వెళ్ళేలా చూడండి, మిగతావి మెల్లగా మాట్లాడవచ్చు.

స్పెషల్ ఎడ్యుకేషన్ ఉన్న పిల్లలకు? బడి ఈడు రాని పిల్లలకు?

ఐఈపీ (పిల్లకు స్కూల్ ఏ ప్రత్యేక సేవలు ఇవ్వాలో రాసిన ప్లాన్) ఉన్న పిల్లలు స్కూల్ మారితే కొత్త స్కూల్ వెంటనే అలాంటి సేవలే మొదలుపెట్టాలి, మళ్ళీ పరీక్షలన్నీ చేసేదాకా ఆపకూడదు. ఐఈపీ కాపీ మాత్రం ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఐదేళ్ళలోపు పిల్లలకు హెడ్ స్టార్ట్ అనే ప్రభుత్వ ప్రీస్కూల్ కార్యక్రమంలో ఆదాయం చూడకుండానే అర్హత ఉంటుంది. సీటు ఖాళీని బట్టి దొరుకుతుంది, లియేజాన్‌నే అడగండి.

మా ఇంట్లో ఒక కుటుంబాన్ని పెట్టుకున్నాం. మాకేమైనా ఇబ్బందా?

స్కూల్ వైపు నుంచి ఏమీ లేదు. మీరు వాళ్ళ ఖర్చులకు జవాబుదారీ కారు, మీ పిల్లల సీట్లకు ఏమీ కాదు. మీరు అద్దె ఇంట్లో ఉంటే ఎంతమంది, ఎన్ని రోజులు ఉండవచ్చో మీ లీజులో చూసుకోండి. స్కూల్ మాత్రం మీ ఇంటి ఓనర్‌కి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పకూడదు.

నా అనుభవంలో తెలిసినది ఒకటుంది. వచ్చిన పిల్లలకు ఒక బల్ల, ఒక దీపం, వైఫై పాస్‌వర్డ్ ఇవ్వండి, "ఇది నీ చోటు" అని చెప్పి. పెద్దమ్మాయి మొదటి వారమంతా మెట్ల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంది. డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోవచ్చని నేను నోరు తెరిచి చెప్పలేదు, తనంతట తను కూర్చుంటుందనుకున్నాను. అమ్మానాన్నల అద్దె కష్టం గురించి పిల్లల ముందు మాట్లాడకండి. ఇంటి వెతుకులాటకు, తిండి సరుకులకు 211కి ఫోన్ చేస్తే దగ్గర్లో దొరికే సాయం చెబుతారు.

మళ్ళీ ఇల్లు దొరికింది. ఇప్పుడేమవుతుంది?

ఆ విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా అదే స్కూల్‌లో ఉండవచ్చు. కొత్త అడ్రస్ లియేజాన్‌కి చెప్పండి, ప్రయాణం ఎలాగో మళ్ళీ మాట్లాడుకోండి, వచ్చే ఏడాది ఏ స్కూలో వేసవిలోపే తేల్చుకోండి. మా ఇంటి నుంచి వాళ్ళు మార్చిలో సొంత అపార్ట్‌మెంట్‌కి వెళ్ళారు. పెద్దమ్మాయి మే నెల చివరిదాకా పాత స్కూల్‌కే వెళ్ళింది, సంవత్సరాంతపు ఆర్కెస్ట్రా కచేరీలో వయోలిన్ వాయించింది. చూడటానికి మేమందరం వెళ్ళాం.